నొప్పి ఎవరిది? అర్పించేది ఎవరు?



పెదకాకాని చుట్టుపట్ల ఏ ఊరి క్లినిక్ ముందైనా సాయంత్రం పూట కాసేపు కూర్చోండి. గడ్డి కోస్తూ కొడవలి తగిలి వేలు తెగిన కూలీమనిషి, గుంటూరు-విజయవాడ రహదారి మీద బండి జారి మోకాలు చెక్కుకుపోయిన కుర్రవాడు, తొడమీద సెగ్గడ్డ లేచి రెండు రోజులుగా జ్వరంతో మూలుగుతున్న ఆరేళ్ల పిల్ల వరసలో కనిపిస్తారు. డాక్టరుగారు పిల్లను చూసి, "కోసి చీము తీసేయాలమ్మా, రెండు నిమిషాల పని" అంటారు. తల్లి భయపడుతూ, "నొప్పి తెలియకుండా ఏదన్నా స్ప్రే కొడతారా అండీ?" అని అడుగుతుంది. వెనకనుంచి నాయనమ్మ అందుకుంటుంది: "ఈ మాత్రానికి స్ప్రే ఎందుకే? ప్రభువు సిలువమీద ఎంత ఓర్చుకున్నాడు! ఓర్చుకో తల్లీ, ఉత్తరించు స్థలంలోని ఆత్మల కోసం సమర్పించుకో."

నాయనమ్మ మాటను నవ్వి తీసిపారేయకండి. ఆ మాట ఆమె సొంతంగా కల్పించింది కాదు. ఆమె తల్లి ఆమెకు చెప్పింది, ఉపదేశి సత్యోపదేశంలో చెప్పాడు, తపస్సుకాలంలో ప్రతి శుక్రవారం సిలువమార్గం చేస్తూ ఆమె అదే ధ్యానించింది. మిరప కల్లంలో తొడిమలు తీసి తీసి చేతులు నిప్పుల్లా మండుతున్నా, సాయంత్రం అవే చేతులతో జపమాల తిప్పిన మనిషి ఆమె. ఓర్పు గురించి మాట్లాడే హక్కు ఆమెకు లేకపోతే ఇంకెవరికుంటుంది?

అయినా ఆమె అన్న మాటలో ఒక చిక్కు ఉంది. ఈ వారం దాన్నే విప్పి చూద్దాం.

ముందు ఆ స్ప్రే ఏమిటో తెలుసుకుందాం, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. క్రికెట్ ఆటలో దెబ్బ తగిలిన వాడి దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చి కొట్టేదీ, మందుల షాపులో నడుము నొప్పికని అమ్మేదీ, పళ్ల డాక్టరు నోట్లో కొట్టేదీ ఒకటి కాదు. నొప్పి తెలియకుండా చేసే స్ప్రేలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి చల్లదనంతో పనిచేసేది, ఇథైల్ క్లోరైడ్. ఇది సుమారు 12 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అందువల్ల చర్మం మీద పడగానే ఆవిరైపోతూ అక్కడి వేడిని లాగేసుకుంటుంది. చర్మం తెల్లబడి కొద్ది క్షణాలు మొద్దుబారుతుంది. సూది గుచ్చడానికో, పైపైన ఉన్న గడ్డను ఒక గాటు పెట్టి తెరవడానికో ఆ కొద్ది సేపే చాలు. రెండవది లిగ్నోకెయిన్. ఇది నరంలో నొప్పి కబురు నడిచే దారిని కాసేపు మూసేస్తుంది. నోరు, గొంతు, ముక్కు వంటి తడి పొరల మీద చక్కగా పనిచేస్తుంది. పైచర్మం దిట్టంగా ఉన్నచోట స్ప్రే అంతగా లోపలికి దిగదు. అక్కడ ఇదే జాతి మందును క్రీముగా రాసి, పైన కప్పి, దాదాపు గంటసేపు ఆగాలి. వీటిలో ఏదీ మనిషిని నిద్రపుచ్చదు. "మత్తు స్ప్రే" అని మనం అంటున్నాం గాని, మత్తెక్కేది ఆ జానెడు జాగాకే.

ఇంకొక సంగతి. చీము పట్టి వాచినచోట మత్తు సూది కూడా సరిగా పట్టదు. అక్కడి కండలో ఆమ్లగుణం ఎక్కువగా ఉండి మందును నరంలోకి పోనివ్వదు. కనుక డాక్టరుగారు "ఇక్కడ అంతగా పనిచేయదమ్మా" అన్నారంటే అది ఎప్పుడూ కఠినత్వం కాదు. కొన్నిసార్లు ఉన్నమాటే.

ఇప్పుడు నాయనమ్మ వాదానికి వద్దాం. దాన్ని ఆమెకంటే బలంగానే చెప్పి చూద్దాం. మార్కు సువార్త 15వ అధ్యాయంలో, సిలువ వేయడానికి ముందు సైనికులు ప్రభువుకు బోళము కలిపిన ద్రాక్షరసం ఇవ్వబోయారు. ఆయన పుచ్చుకోలేదు. అది నొప్పి తెలియకుండా చేసే పానీయమని వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే ఆనాటి మత్తుమందును ప్రభువు వద్దన్నాడు. పౌలు భక్తుడు కొలొస్సీయులకు రాస్తూ క్రీస్తు సంఘం కోసం తాను పడుతున్న శ్రమలను గురించి సంతోషంగా చెప్పుకున్నాడు. వేదసాక్షులు నొప్పికి వెరవలేదు. మరి క్రైస్తవుడు సెగ్గడ్డ కోయించుకోవడానికి స్ప్రే అడగవచ్చునా?

ఈ ప్రశ్న మన పల్లెలో పుట్టింది కాదు. 1847లో స్కాట్లండులో జేమ్స్ సింప్సన్ అనే వైద్యుడు కాన్పు నొప్పులకు క్లోరోఫారం వాడినప్పుడు, స్త్రీ నొప్పితోనే కనాలని ఆదికాండంలో ఉంది గదా, దేవుని మాటను కాదంటావా అని కొందరు అడ్డుపడ్డారు. ఆయన కూడా ఆదికాండమే తీశాడు. ఆదాము పక్కటెముక తీయడానికి ముందు దేవుడే అతనికి గాఢనిద్ర పట్టించాడు గదా, మొదటి మత్తు ఇచ్చింది ఎవరని ఎదురడిగాడు. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పుకు క్లోరోఫారం పుచ్చుకున్నాక ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది. రాణిగారు చేస్తే తప్పుపట్టే నోళ్లు తక్కువ, ఏ కాలంలోనైనా!

మన తెలుగునేల కూడా ఈ చరిత్రలో పక్కన నిలబడి చూడలేదు. క్లోరోఫారం ప్రాణం తీస్తోందా, తీస్తే ఎలా తీస్తోందని తేల్చడానికి 1888లోనూ, మళ్లీ 1889లోనూ హైదరాబాదులో నిజాము ఖర్చుమీద డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో పరిశోధక సంఘాలు కూర్చున్నాయి. శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదని అవి తేల్చాయి. ఆ తీర్పు పూర్తిగా సరి కాదని తర్వాతి పరిశోధనలు చూపాయి. నొప్పి తీసే మందుకు తన ప్రమాదం తనకుంటుందని తెలియడానికే ఈ మాట చెప్పాను. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

శ్రీసభ ఏం చెప్పింది? ఇటలీ దేశపు మత్తువైద్యులు తమ మహాసభ తరఫున పన్నెండవ పయస్ పోపుగారికి మూడు ప్రశ్నలు పంపుకున్నారు. వాటిలో మొదటిది అచ్చంగా మన నాయనమ్మ ప్రశ్నే: విశ్వాసంతో నొప్పిని స్వీకరించవలసిన బాధ్యత క్రైస్తవుడికి ఉన్నదా, నొప్పి తీసే మందును నిరాకరించవలసిందేనా? పోపుగారు 1957 ఫిబ్రవరి 24న వారికి జవాబిచ్చారు. అంతకు ఏడాది ముందే, 1956 జనవరి 8న, నొప్పి లేని కాన్పు గురించి కూడా మాట్లాడి, ఆదికాండంలోని మాట అటువంటి పద్ధతిని నిషేధించడం లేదని స్పష్టం చేశారు.

1957 జవాబు సారాంశం ఇది. మనిషి నొప్పిని భరించే తీరవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. విశ్వాసాన్ని వదులుకుంటేనే నొప్పి తప్పుతుందంటే అప్పుడు వదులుకోకూడదు. అది వేదసాక్షుల దారి. అటువంటిది ఏదీ లేనప్పుడు నొప్పిని తగ్గించుకోవడం ధర్మవిరుద్ధం కాదు. నొప్పి తీసే మందు వద్దనవలసిన బాధ్యత సాధారణంగా ఎవరికీ లేదు. ఎవరైనా ప్రభువు శ్రమల్లో పాలుపొందాలని తమంతట తాము మందు వద్దనుకుంటే అది మెచ్చదగినదే, కాని అందరిమీదా రుద్దదగిన నియమం కాదు. మరొక ముఖ్యమైన సంగతి కూడా ఆయన అన్నారు. దేవుని మీద ప్రేమ పెరగడం నొప్పి నుంచి దానంతటది రాదు. దైవ కృప సాయంతో మనిషి స్వేచ్ఛగా చేసుకునే సంకల్పం నుంచి వస్తుంది. నొప్పి శరీరాన్ని నలిపి, మనసును కూడా నలిపి, ప్రార్థించనివ్వకుండా చేసే సందర్భాలూ ఉంటాయి. పంటి నొప్పి వచ్చిన రాత్రి జపమాల చెప్పుకోబోయిన వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక్కడ "స్వేచ్ఛగా" అన్న ముక్క దగ్గర ఆగండి. నాయనమ్మ మాటలోని చిక్కు అక్కడే ఉంది.

అర్పణ అంటే ఏమిటి? నాదైన దాన్ని నేను ఇవ్వడం. దివ్యపూజలో కానుకల వేళ మీ జేబులోని పది రూపాయలు తీసి పళ్లెంలో వేస్తారు. పక్కవాడి జేబులో చెయ్యి పెట్టి వాడి పది రూపాయలు తీసి వేస్తే దాన్ని అర్పణ అనరు. నొప్పి సంగతీ అంతే. నా నొప్పిని నేను ప్రభువు పాదాల దగ్గర పెట్టగలను. నా మనుమరాలి నొప్పిని నేను పెట్టలేను, అది నాది కాదు గనుక. ఆరేళ్ల పిల్లకు ఉత్తరించు స్థలమంటే ఏమిటో సగం తెలుసు, సంకల్పమంటే ఏమిటో అసలు తెలియదు. ఆ పిల్లకు తెలిసింది ఒక్కటే: తనను ఎక్కువగా ప్రేమించేవాళ్లు తన కాళ్లూ చేతులూ అదిమి పట్టుకున్నారు, ఒకాయన కత్తితో కోశాడు, యేసయ్య కోసం అని చెప్పారు. ఆ మూడూ ఆ చిన్న బుర్రలో ఎలా ముడిపడతాయో ఆలోచించండి. భక్తి నేర్పుతున్నామనుకుంటూ మనం నేర్పేది మరొకటి కావచ్చు.

బోళము కలిపిన ద్రాక్షరసం దగ్గరికి మళ్లీ వెళ్దాం. ప్రభువు దాన్ని వద్దన్నది తనకు. యెరూషలేము స్త్రీలు మరణశిక్ష పడినవారికి కనికరంతో అటువంటి పానీయం ఇచ్చే ఆచారం ఉండేదని యూదుల సంప్రదాయం చెబుతుంది. అందించడమే తప్పని ప్రభువు అన్నట్టు సువార్తల్లో ఎక్కడా లేదు. తన ఇరుపక్కలా ఉన్న దొంగలకు ఇవ్వవద్దని చెప్పినట్టూ లేదు. సువార్తలన్నీ తిరగేసి చూడండి. ఆయన దగ్గరికి వచ్చిన కుష్ఠరోగిని, రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడిన స్త్రీని, జ్వరంతో పడుకున్న పేతురు అత్తగారిని, ఎవరినైనా "ఓర్చుకో, సమర్పించుకో" అని వెనక్కి పంపాడా? తన శ్రమను తాను తాగాడు, ఎదుటివాడి శ్రమను తీశాడు. మంచి సమరీయుడి కథలో గాయాలమీద నూనె, ద్రాక్షరసం పోసి కట్టు కట్టాడని లూకా రాశాడు. ద్రాక్షరసం గాయాన్ని కడుగుతుంది గాని మండుతుంది, నూనె చల్లబరుస్తుంది. కడగవలసిన నొప్పి తప్పదు, అందుకే చల్లార్చేదాన్ని కూడా పక్కనే ఉంచుకున్నాడు. ఇది నా ఊహే అనుకోండి.

1984 ఫిబ్రవరి 11న రెండవ జాన్ పాల్ పోపుగారు మానవ బాధల క్రైస్తవ అర్థం మీద ఒక ప్రేషిత లేఖ వెలువరించారు. అది మొదలయ్యేది కొలొస్సీయుల లేఖలోని ఆ పౌలు మాటతోనే, మన నాయనమ్మ ఎత్తిచూపిన మాటతోనే. కాని చివరి భాగానికి వచ్చేసరికి మంచి సమరీయుడి దగ్గర ఆగుతుంది. బాధపడుతూ మంచి చేయడం, బాధపడేవాడికి మంచి చేయడం, క్రీస్తు ఈ రెండూ నేర్పాడని ఆ లేఖ చెబుతుంది. మనం మొదటి సగం చదివి పుస్తకం మూసేసే రకం.

"నొప్పికి అలవాటు పడితేనే పిల్లలు గట్టిపడతారు" అనే మాట కూడా మనలో ఉంది. ఇది భక్తి మాట కాదు గాని, భక్తి మాట వెనక దాక్కుని వస్తుంది. ఇది నిజమేనా? ఒకప్పుడు వైద్యులే పసిబిడ్డలకు నొప్పి సరిగా తెలియదని నమ్మారు. 1980ల వరకు నెలలు నిండని శిశువులకు అతి కొద్దిపాటి మత్తుతో పెద్ద పెద్ద ఆపరేషన్లు చేసేవారు. మన దేశంలో చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు ఆ శిశువుల రక్తం పరీక్షించి, సరైన నొప్పి మందు ఇవ్వని బిడ్డల శరీరం ఎంతగా అల్లాడిపోతోందో, ఇస్తే ఎంత బాగా కోలుకుంటున్నారో 1987లో లాన్సెట్ పత్రికలో చూపించారు. ఆ తర్వాత వైద్యలోకం తన అలవాటు మార్చుకుంది. 1997లో అదే పత్రికలో కెనడా నుంచి అన్నా టాడియో బృందం మరొక పరిశోధన ప్రచురించింది. పుట్టిన కొత్తలో మత్తు లేకుండా సున్తీ జరిగిన మగపిల్లలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేసినప్పుడు, సున్తీ జరగని పిల్లలకంటే ఎక్కువగా బాధపడ్డారు. మత్తు క్రీము రాసి సున్తీ చేసినవాళ్ల బాధ ఆ రెండింటికీ నడుమ ఉంది. అంటే మొదటి నొప్పి వాళ్లను గట్టిపరచలేదు. తర్వాతి నొప్పిని పెద్దది చేసింది.

పెద్దవాళ్ల సంగతి వేరు. ఒక పెద్దాయన వేలికి కుట్లు వేయించుకుంటూ, "మత్తు వద్దండి, ఈ శుక్రవారం ఇది నా తపస్సు" అంటే నేను ఆయనను ఆపను. డాక్టరు చేతి పనికి అడ్డం రానంతవరకు అది ఆయన హక్కు. పోపుగారు చెప్పిన స్వేచ్ఛ అదే. కాని అదే పెద్దాయన ఇంటికొచ్చి కోడలి కాన్పు దగ్గర, తల్లి మంచం పుండ్లకు కట్టు మార్చే దగ్గర, మనుమరాలి చెవులు కుట్టించే దగ్గర అదే కొలత పెడితే మాత్రం ఆయన తపస్సు చేయడం లేదు, వాళ్లచేత చేయిస్తున్నాడు. చెవులు కుట్టించడం గురించి ఒక్క మాట. ఇది మన ఆచారం, అందం కోసం మనం ఎంచుకున్న నొప్పి, బిడ్డ కోరింది కాదు. కొద్దిసేపు ముందుగా క్రీము రాయించే వీలుంటే అక్కడ వద్దనడానికి ఏ కారణమూ నాకు కనబడదు.

అబద్ధం సంగతి కూడా అనుకుందాం. "ఏం నొప్పుండదు నాన్నా, చీమ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్పి బిడ్డను బల్ల మీదికి ఎక్కిస్తాం. ఆ తర్వాత కుట్టింది చీమ కాదని బిడ్డకు తెలుస్తుంది. మళ్లీసారి అమ్మ మాట నమ్మదు, డాక్టరును చూస్తే ఆమడ దూరం పారిపోతుంది. "కొంచెం నొప్పెడుతుంది, తగ్గించడానికి చల్లటి మందు కొడతారు, నేను నీ చెయ్యి పట్టుకుంటాను" అనడం నిజం. స్ప్రే కొట్టినప్పుడు మొదట చురుక్కుమంటుందని కూడా ముందే చెప్పాలి.

పెదకాకానిలోనే శంకర కంటి ఆసుపత్రి ఉంది. శుక్లాల ఆపరేషన్ కోసం పల్లెల నుంచి ముసలివాళ్లు బస్సుల్లో వస్తారు. కంట్లో చుక్కలు వేసో, కంటి పక్కన సూది వేసో మొద్దుబార్చి పని ముగిస్తారు. మెలకువతోనే ఉంటారు, మాట్లాడుతూనే ఉంటారు. 1884కు ముందు ఇది ఎలా జరిగేదో తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. మనుషులు కదలకుండా పట్టుకుంటే కంట్లోకి కత్తి దించేవారు. ఆ ఏడాది వియన్నాలో కార్ల్ కొల్లర్ అనే యువ వైద్యుడు కొకెయిన్ చుక్కలతో కంటి పైపొర మొద్దుబారుతుందని కనిపెట్టాడు. ఒక భాగానికే మత్తు ఇచ్చే విద్యకు అదే తొలి అడుగు. కొకెయిన్ వ్యసనానికి దారితీస్తుందని తేలాక ఇతర మందులు వెతికారు. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో లిగ్నోకెయిన్ తయారుచేశాడు. దాన్ని ఆయన సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ తన ఒంటిమీదే పరీక్షించుకున్నాడు. తన ఒంటిని పణంగా పెట్టి పరాయివాళ్ల నొప్పి తీయడం! ఆయన మతమేదో నాకు పని లేదు.

మన గుంటూరు కతోలికులు ఈ విషయంలో ఒక పేరు తలుచుకోవాలి. సిస్టర్ డాక్టర్ మేరీ గ్లౌరీ. 1887లో ఆస్ట్రేలియాలో పుట్టి, వైద్యం చదివి, మెల్‌బోర్న్‌లో కంటి ఆసుపత్రిలో కూడా పనిచేసి, ఇక్కడి స్త్రీలకు వైద్యం అందించే స్త్రీలు కావాలని తెలిసి, 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. మఠంలో చేరారు. మఠకన్యలు వైద్యం చేయడానికి శ్రీసభ చట్టం ఒప్పుకోని రోజులవి. ఆమెకు రోమునుంచి ప్రత్యేక అనుమతి రావలసి వచ్చింది. గుంటూరు సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి ఆమె చేతుల్లో పెరిగింది. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులను కలిపే సంఘానికి గుంటూరులోనే బీజం వేశారు. చివరికి క్యాన్సర్‌తో బాధపడి 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. పయస్ పోపుగారు మత్తువైద్యులకు జవాబిచ్చిన పది వారాలకు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. తన జబ్బును ఆమె ఏ విధంగా ప్రభువుకు సమర్పించుకున్నారో ఆమెకు, ప్రభువుకు మధ్య సంగతి. ఎదుటివాళ్ల జబ్బు విషయంలో మాత్రం ఆమె ముప్పై ఏడేళ్ల జీవితం ఒకే పని చేసింది.

ఇంతవరకు మన ఇళ్లలో జరిగేది మాట్లాడాం. దీనికి మించినది మరొకటుంది. స్ప్రేనో, క్రీమో, మత్తు సూదో ఎవరికి దొరుకుతోంది? గుంటూరులో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లిన బిడ్డకు అడక్కముందే క్రీము రాస్తారు, బొమ్మ చేతికిస్తారు. అదే రోజు రద్దీగా ఉన్న దవాఖానాలో కూలీవాళ్ల బిడ్డకు మందు లేకో, టైము లేకో, అడిగేవాళ్లు లేకో, అలాగే కుట్లు పడతాయి. వంద మంది వరసలో నిలబడి ఉండగా గంటసేపు క్రీము రాసి ఆగడం నిజంగా కష్టమే, ఒక్కడే డాక్టరు ఉన్నచోట ఆయనను నిందించలేం. కాని ఒక మాట వినబడుతూ ఉంటుంది, అది మాత్రం మందు కొరత నుంచి పుట్టింది కాదు: "వాళ్లకు అలవాటేనండీ, ఎండలో పనిచేసే ఒళ్లు, అంత నొప్పి తెలియదు."

తెలియకపోవడమేమిటి? ఆ తల్లి అరవదు, అంతే. అరిస్తే విసుక్కుంటారని ఆమెకు తెలుసు. పత్తి తీతలో కాయ మొనలు గుచ్చుకుని వేళ్లు చీరుకుపోయినా మర్నాడు చేనికి వెళ్లే మనిషి మౌనం చూసి, నొప్పి లేదని లెక్క కట్టేస్తాం. పేదవాడి ఓర్పును మెచ్చుకుంటూనే దాన్ని వాడుకోవడం మనకు అలవాటైంది. మన విచారణల్లో, మన సంస్థల్లో పనిచేసే వైద్యులు, నర్సమ్మలు ఈ పత్రిక చదువుతారు గనుక గట్టిగానే రాస్తున్నాను. అడిగినవాడికి ఒక కొలత, అడగనివాడికి ఒక కొలత ఉండకూడదు. అడగలేనివాడి నొప్పినే ముందు అడిగి తెలుసుకోవాలి.

హెచ్చరికలు కూడా ఉన్నాయి, హైదరాబాదు ముచ్చట అందుకే ఎత్తాను. స్ప్రే ఆటవస్తువు కాదు. ఇథైల్ క్లోరైడ్ నిప్పు అంటుకునే గుణం ఉన్నది, దీపం దగ్గర, కాల్చే పరికరం దగ్గర వాడకూడదు. ఎక్కువసేపు కొడితే మంచు కాటులా చర్మం దెబ్బతింటుంది. కళ్లలో పడకూడదు. గొంతులో లిగ్నోకెయిన్ కొట్టించుకుని పరీక్ష చేయించుకున్నాక స్పర్శ తిరిగి వచ్చేవరకు ఏమీ తినకూడదు, తాగకూడదు, పొరబోతుంది. మోతాదు మించితే చెవుల్లో హోరు, నాలుక తిమ్మిరి, ఆపై మూర్ఛలు కూడా రావచ్చు. పళ్లు వచ్చే పసిపిల్లల చిగుళ్లకు బెంజోకెయిన్ పూతలు రాయవద్దని 2018లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది, రక్తం ఆక్సిజన్ మోసే శక్తి దెబ్బతినే ప్రమాదం ఉన్నందున. నడుము నొప్పి స్ప్రే తెచ్చి తెగిన గాయం మీద కొట్టేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఆర్‌ఎంపీ గారి దగ్గర కొట్టించుకున్నా, ఏ మందు, ఎంత అని అడగండి.

నొప్పి పూర్తిగా లేని జీవితం కావాలని నేను అనడం లేదు. అటువంటిది దొరకదు కూడా. గాయం మానేటప్పుడు నొప్పి ఉంటుంది, రాత్రి బిడ్డ ఏడుస్తుంది, అప్పుడు అమ్మ ఒడిలో ఓర్పు నేర్చుకుంటుంది. తప్పించలేని నొప్పి దగ్గర నాయనమ్మ చెప్పేది బంగారం. స్ప్రే అందని ఆ నొప్పి దగ్గరే నాయనమ్మ కూర్చోవాలి, "నా తల్లీ, నేనూ నీతో ఉన్నాను, నీ బదులు నేను జపమాల చెబుతాను" అనాలి. తన నిద్రను తాను అర్పించుకోవచ్చు. అది ఆమెదే గదా.

బుధ, శనివారాల్లో టీకాలకు వెళ్లే తల్లులకు చివరిగా కొన్ని మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకా నొప్పి తగ్గించడం గురించి ఒక పత్రం వెలువరించింది. ఖర్చు వల్ల, ఆలస్యం వల్ల మత్తు క్రీములను దేశవ్యాప్త టీకా కార్యక్రమాలకు అది సిఫారసు చేయలేదు. పైసా ఖర్చు లేని పద్ధతులు చెప్పింది. పాలు తాగే బిడ్డకు సూది వేసే ముందో, వేస్తుండగానో రొమ్ము ఇవ్వండి. బల్లమీద పడుకోబెట్టి అదిమిపట్టకుండా ఒడిలో పెట్టుకోండి. ఒకే రోజు రెండు మూడు సూదులుంటే, ఎక్కువ నొప్పెట్టేదాన్ని చివరకు ఉంచమని నర్సమ్మను అడగండి. నోట్లో వేసే రోటా చుక్కలు ఉంటే అవి ముందు వేయమనండి, అవి తియ్యగా ఉంటాయి. కొంచెం ఎదిగిన పిల్లలైతే కూర్చోబెట్టి, ఏదో కబురు చెప్పి ధ్యాస మళ్లించండి. ఇవన్నీ ఆశా కార్యకర్తతో వరసలో నిలబడకముందే మాట్లాడుకోండి. సూది చేతిలోకి వచ్చాక ఎవరికీ వినే తీరిక ఉండదు.